ముహూర్తానికి రీటేక్ లేదు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్లి ఫొటోగ్రఫీ, మొదటి ఫోన్ నుంచి ఆల్బమ్ చేతికిచ్చేదాకా

పెళ్లి ఫొటోగ్రఫీలోకి వచ్చేవాళ్లు ముందు కెమెరా కొంటారు, తర్వాత లెన్సులు కొంటారు, ఆ తర్వాత పెళ్లి ఒప్పుకుంటారు. అప్పుడు తెలుస్తుంది, ఈ పనిలో కెమెరా వాటా సగం కూడా లేదని. ఇందులో దెబ్బ తినేవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల తింటారు. ఒకటి, అడ్డుతెర దిగినప్పటి నుంచి మూడో ముడి పడేదాకా ఉండే కాస్త సమయంలో. రెండు, ఫొటోల సెలెక్షన్ దగ్గర నెలల తరబడి ఆగిపోయే డబ్బులో. అందుకే ఈ మార్గదర్శి ఆ రెండు చోట్లే ఎక్కువసేపు నిలబడుతుంది.

తేదీ ఒప్పుకునే ముందు

మీ ఏడాది పని పంచాంగం చేతిలో ఉంటుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పెళ్లిళ్లు దాదాపు ఆగిపోతాయి. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే వారాల తరబడి ఖాళీ. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకాల్లో మాత్రం ఒకే మంచి ముహూర్తానికి కావలిలో ఒకటి, ఒంగోలులో ఒకటి, కనిగిరిలో ఒకటి పెళ్లి పడుతుంది. ఆ రోజు మీకు అవకాశం వచ్చిందంటే మీ అసిస్టెంట్లకీ వచ్చినట్టే. కాబట్టి అడ్వాన్స్ తీసుకునే ముందు రెండో కెమెరామన్‌కీ, వీడియో అతనికీ ఫోన్ చేసి తేదీ ఖాయం చేసుకోండి. అడ్వాన్స్ తీసుకున్నాక మనిషి కోసం వెతికితే ఎవరో కొత్త కుర్రాడు దొరుకుతాడు, తలంబ్రాల్లో సగం బ్లర్ వస్తాయి.

కొత్త పంచాంగం రాగానే పెళ్లి ముహూర్తాలన్నీ గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఏడాదికి మీరు చేయగలిగే పెళ్లిళ్లు ఎన్నో ఆ రోజే తేలిపోతుంది. రేటు ఎంత ఉండాలో కూడా అక్కడి నుంచే వస్తుంది. ఖాళీ నెలల అద్దె, ఇంటి ఖర్చు ఈ సీజన్లోనే సంపాదించుకోవాలి.

వాతావరణం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. నెల్లూరు తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కార్తీక మాసం పెళ్లిళ్లు సరిగ్గా ఆ వానల్లోనే పడతాయి. ఇంటి ముందు పందిరిలో పెళ్లి అంటే పైన టార్పాలిన్ కడుతున్నారా, గుడ్డేనా అని ముందే అడగండి. వైశాఖం, జ్యేష్ఠాల్లో బాధ వేరు. నలభై డిగ్రీలు దాటిన ఎండలో 4కె వీడియో తీస్తుంటే చిన్న మిర్రర్‌లెస్ కెమెరా బాడీ వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. ముఖ్యమైన ఘట్టానికి ముందు పది నిమిషాలు దాన్ని నీడలో, బ్యాటరీ తలుపు తీసి ఉంచండి.

రేటు లెక్క

పక్క స్టూడియో ఎంతకు చేస్తున్నాడో చూసి రేటు చెప్పడం ఈ వృత్తిలో అందరూ చేసే తప్పు. లెక్క కాగితం మీద వేయండి. కింది అంకెలు లెక్క చూపించడానికి వేసినవే, మీ ఊరి రేట్లు మీరు పెట్టుకోండి.

రెండు రోజుల పెళ్లి, 40 షీట్ల ఆల్బమ్, వీడియో కలిపి లక్ష రూపాయలకు ఒప్పుకున్నారనుకుందాం. రెండు రోజులకు మనుషుల కూలి 30,000. ఆల్బమ్ డిజైన్, ప్రింటు 18,000. వీడియో మిక్సింగ్ 12,000. బండి, పెట్రోలు, తిండి 6,000. హార్డ్‌డిస్క్, పెన్‌డ్రైవ్‌ల వాటా 4,000. మొత్తం 70,000 పోయింది. మిగిలిన 30,000కు మీరు పనిచేసింది రెండు రోజులు కాదు. షూటింగ్ రెండు, ఫొటోలు ఏరడం ఒకటి, కలర్ సరిచేయడం మూడు, డిజైన్ దిద్దుబాట్లు రెండు, పార్టీ ఇంటికీ ప్రింటింగ్ ల్యాబ్‌కీ తిరుగుడు రెండు. వెరసి పది రోజులు, రోజుకు 3,000. అందులోంచే స్టూడియో అద్దె, కరెంటు బిల్లు, కెమెరా అరుగుదల పోవాలి.

అరుగుదల అంటే ఏదో మాటవరసకు అనడం లేదు. పెళ్లికి మూడు వేల క్లిక్కులు, ఏడాదికి 40 పెళ్లిళ్లు అంటే 1,20,000 క్లిక్కులు. చాలా బాడీలకు కంపెనీలు చెప్పే మెకానికల్ షట్టర్ ఆయుష్షు లక్ష నుంచి రెండు లక్షల మధ్య ఉంటుంది. ఏడాదికో ఏడాదిన్నరకో షట్టర్ ఖర్చు తప్పదని ఇప్పుడే రాసుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఈ సేవకు పన్ను 18 శాతం. పెద్ద పెళ్లిళ్లు పట్టేవాళ్లు కొటేషన్‌లోనే ‘పన్ను అదనం’ అని రాయకపోతే ఆ 18 శాతం సొంత జేబులోంచి కట్టాలి.

కాగితం మీద ఏం రాయాలి

‘తెలిసినవాళ్లే కదన్నా, కాగితాలెందుకు’ అంటారు. తెలిసినవాళ్లకే రాయాలి, తెలియనివాళ్లతో మొహమాటం ఉండదు కదా. ఒక పేజీ చాలు. ఎన్ని ఫంక్షన్లు, ఏ రోజు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎంతమంది మనుషులు, ఆల్బమ్ సైజు, షీట్లు, వీడియో నిడివి, రా ఫైళ్లు (కెమెరాలోంచి ఏమీ దిద్దకుండా వచ్చిన ఫైళ్లు) ఇస్తారా ఇవ్వరా. పెళ్లికూతుర్ని చేయడం మర్నాటికి మారితే, మైల వచ్చి పెళ్లే వాయిదా పడితే అడ్వాన్స్ ఏమవుతుందో కూడా. వాయిదా పడితే అడ్వాన్స్ కొత్త తేదీకి సర్దుతామని, కానీ ఆ తేదీన మీకు ఖాళీ ఉంటేనే అని రాయడం ఇద్దరికీ న్యాయం.

చాలామంది ఫొటోగ్రాఫర్లకు తెలియని విషయం ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. మీరు తీశారు కాబట్టి మీదే అనుకుని పెళ్లికూతురి ఫొటో ఇన్‌స్టాలోనో స్టూడియో ఫ్లెక్సీ మీదో వేస్తే, వాళ్లు కాదన్నప్పుడు మీ దగ్గర సమాధానం ఉండదు. ‘ప్రచారానికి ఇన్ని ఫొటోలు వాడుకోవచ్చు’ అని ఒక వాక్యం, పక్కన సంతకం ఉండాలి. ఆ సంతకం పెళ్లికూతురి చేత కూడా పెట్టించండి, డబ్బిచ్చేది వాళ్ల నాన్నే అయినా.

డబ్బు ఇలా విడగొట్టండి: తేదీ ఖాయానికి 30 శాతం, పెళ్లిరోజు ముహూర్తానికి ముందు 55, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు 15. సగానికి సగం చివర్లో పెట్టుకున్నవాడు ఆ సగం కోసం ఏడాది తిరుగుతాడు. ఎందుకో చివర్లో చూద్దాం.

రెండు వైపులవాళ్లూ వేర్వేరు ఫొటోగ్రాఫర్లను పెట్టుకోవడం మన దగ్గర మామూలే. అవతలి స్టూడియో ఎవరో అడిగి నంబరు తీసుకోండి. ముందురోజు రాత్రే ఎవరు ఎటు నిలబడాలో, ఎవరి లైటు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకోవాలి. మండపం మీద మాట్లాడుకుందాంలే అనుకుంటే పీటల మీద ఉన్నవాళ్ల ముందే గొడవ అవుతుంది, దానికి సాక్ష్యంగా రెండు వీడియోలు కూడా మిగులుతాయి.

ప్రీవెడ్డింగ్: మన సముద్రం తూర్పున ఉంది

మైపాడు, కోడూరు, కొత్తపట్నం, పాకల, ఏ బీచ్‌కి వెళ్లినా సూర్యుడు నీళ్లలోంచి పొడుస్తాడు, నీళ్లలోకి దిగడు. గోవాలో తీసిన రీల్స్ చూపించి సాయంత్రం సముద్రం మీద అలాంటి ఎర్రటి సూర్యుడు కావాలని అడిగే జంటకు ఇది ముందే చెప్పాలి. మైపాడులో అది కావాలంటే తెల్లవారుజామునే రావాలి. మేలో ఆరుకు పావుగంట ముందే, డిసెంబరు చివర్లో ఆరున్నర దగ్గర్లో సూర్యోదయం. మేకప్‌కు గంటన్నర, నెల్లూరు నుంచి ప్రయాణానికి ముప్పావుగంట వేసుకుంటే మేలో మేకప్ మూడున్నరకే మొదలవ్వాలి. ఒప్పుకోని జంటను సాయంత్రం తీసుకెళ్లండి, కాకపోతే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, సముద్రం మీద చదునైన నీలి వెలుగే దొరుకుతుంది. అదీ బాగానే ఉంటుంది, కానీ రీల్‌లో చూసింది కాదు. నీళ్ల మీద సూర్యాస్తమయమే కావాలంటే పడమర నీళ్లున్న చోటు చూడాలి. సోమశిలలో జలాశయం ఆనకట్టకు పడమట ఉంది కాబట్టి కుదురుతుంది. ప్రాజెక్టు మీద షూటింగ్ అంటే మాత్రం ముందు అనుమతి అడగాలి.

ఏసీ కారులోంచి దిగి బీచ్‌లో మూత తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది, ఆలోగా సూర్యుడు పైకొచ్చేస్తాడు. ఆఖరి పది కిలోమీటర్లు ఏసీ ఆపి, కారు అద్దాలు దించి, బ్యాగు జిప్పు కాస్త తెరిచి రండి. ఇసుకలో లెన్సు మార్చొద్దు. ఇంటికెళ్లగానే తడి చేసి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ, ట్రైపాడ్ కాళ్లు తుడవాలి. ఉప్పు వారంలోనే ట్రైపాడ్ మరలను పట్టేస్తుంది.

సంచిలో ఏముండాలి

బాడీలు రెండు, రెండింటికీ రెండేసి కార్డు స్లాట్లు ఉండాలి. ఒక్క స్లాటు బాడీతో పెళ్లి చేయడమంటే దేవుడి మీద భారం వేయడమే. లెన్సుల్లో 24-70 ఎఫ్2.8, 70-200 ఎఫ్2.8 పని గుర్రాలు. 85 ఎఫ్1.8 ఒకటి, మెట్టెలు, ఉంగరాలు, తాళిబొట్టు తీయడానికి మాక్రో ఒకటి. ఫ్లాష్‌లు మూడు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, బాడీకి నాలుగు బ్యాటరీలు. ప్రతి లెన్సుకీ మామూలు రక్షణ ఫిల్టర్ పెట్టండి, ఎందుకంటే అక్షింతలు నేరుగా ముందు గాజుకే తగులుతాయి, పసుపు అంటిన బియ్యాన్ని చేత్తో రుద్దితే కోటింగ్ గీసుకుపోతుంది. బ్లోయర్‌తో ఊదాకే గుడ్డ వాడాలి. వీటితోపాటు అడుగున్నర ఎత్తు మడత స్టూలు. మండపం మీద అన్నిటికంటే ఎక్కువ పని చేసేది అదే.

బయలుదేరే ముందు అన్ని కెమెరాల గడియారాలూ ఒకే ఫోన్ చూసి సెకనుతో సహా కలపండి. ఒక బాడీ ఏడు నిమిషాలు వెనకుంటే తర్వాత ఫొటోలు కలిపినప్పుడు తాళి కట్టాక జీలకర్ర-బెల్లం పెట్టినట్టు వస్తుంది. నాలుగు వేల ఫొటోలను చేత్తో సర్దుకోవాలి.

ముహూర్తం

అసలు పని ఇక్కడుంది. శుభలేఖలో వేసే సుముహూర్తం జీలకర్ర-బెల్లానిది. తాళి ఆ తర్వాత. ఈ మధ్యలో ఎంతసేపు పడుతుందో పంతులుగారిని బట్టి ఉంటుంది. అందుకని మండపానికి చేరగానే కలవాల్సిన మొదటి మనిషి పెళ్లికొడుకు తండ్రి కాదు, పంతులుగారు. నమస్కారం పెట్టి మూడు సంగతులు అడగండి: వధూవరులు ఎటు ముఖంగా కూర్చుంటారు, కన్యాదానం ముహూర్తానికి ముందా వెనకా, మంగళసూత్రం వరుడు కూర్చునే కడతాడా లేచి కడతాడా. కులాన్నీ ఊరినీ బట్టి ఈ క్రమం మారుతుంది. ఇంకొక్క మాట అడగండి: ‘స్వామీ, తెర దించే ముందు ఒక్కసారి నావైపు చూడండి’. ఎక్కువమంది పంతుళ్లు కాదనరు. ఫొటో కోసం ముహూర్తం ఆపమని మాత్రం అడగొద్దు, ఆపరు, ఆపకూడదు కూడా.

ముందుగా తాళిబొట్టు ఫొటో. కొబ్బరిబోండం మీద పెట్టి పెద్దలందరి దగ్గరికీ తిప్పేటప్పుడే అది తీయడానికి సమయం. పళ్లెం పట్టుకున్న ముత్తయిదువను అడిగి పది సెకన్లు కిటికీ వెలుగులో ఆగమనండి. మీరు మాత్రం దాన్ని తాకొద్దు.

జీలకర్ర-బెల్లానికి ఇద్దరి మధ్యా తెర ఉంటుంది. ఆ తెర వారన, అంటే ఇద్దరి పక్క ముఖాలూ కనిపించేలా, మొదటి కెమెరా నిలబడాలి. పంతులుగారికి ఎదురుగా ఉండే వైపు ఖాళీ దొరుకుతుంది. వరుడి వీపు వెనక నిలబడితే వధువు ఒక్కతే వస్తుంది. ఆ చోటు రెండో కెమెరాకు ఇవ్వండి. ఇక్కడో ఉచ్చు ఉంది: తల మీద చెయ్యి పెట్టగానే మీ వైపున్న చెయ్యి ముఖానికి అడ్డం వస్తుంది. కింద కూర్చుని కాస్త వాలుగా, మోచేతి కిందినుంచి తీస్తే ఇద్దరి కళ్లూ దొరుకుతాయి. ‘బాబూ, మోచెయ్యి కాస్త పైకి’ అని వరుడికి పీటల మీద కూర్చోకముందే చెప్పి ఉంచండి. అప్పుడు చెబితే వినపడదు, గట్టిమేళం మోగుతుంటుంది.

తెర దిగాక వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకునే చూపు రెండు మూడు సెకన్లే. ఆ వెంటనే అక్షింతలు పడతాయి, అందరూ లేస్తారు, యాభై ఫోన్లు ముందుకొస్తాయి. తెర దిగకముందే ఫోకస్ ఆ ఎత్తులో పట్టి ఉంచి, సెకనుకు ఆరేడు ఫ్రేముల వేగంతో నొక్కండి. మొదటి ఫ్రేము చూసుకోవడానికి స్క్రీన్ వైపు తల దించితే రెండో చూపు పోయింది.

ఫ్లాష్ ఈ వేగానికి తట్టుకోవాలంటే దాని పవరు తక్కువలో ఉండాలి. పూర్తి పవరులో కొడితే తర్వాత రెండు మూడు సెకన్లు మళ్లీ నిండదు, మధ్యలో ఫ్రేములన్నీ నల్లగా వస్తాయి. ఐఎస్ఓ 1600 దగ్గర పెట్టుకుని, ఫ్లాష్‌ను పదహారో వంతుకు దించి వాడండి.

తాళి కట్టేటప్పుడు అడ్డం వచ్చేది వరుడి భుజమే. అతను వంగితే వధువు ముఖం దాదాపు కనిపించదు. ఒక కెమెరా ఎదురుగా నేలబారున ఉండి వధువు ముఖం, ఇంకొకటి స్టూలు మీద నుంచి మెడ దగ్గర ముళ్లు పట్టాలి. మూడు ముళ్లకూ అర నిమిషం పట్టొచ్చు. వెనకనుంచి జడ ఎత్తి పట్టుకునేది చాలాసార్లు ఆడపడుచే. ‘అమ్మా, జడ పక్కకు పట్టుకోండి, తల మాత్రం వెనక్కి ఉంచండి’ అని ఆవిడకు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆల్బమ్‌లో తాళి పేజీ నిండా ఆడపడుచు తలే ఉంటుంది.

తలంబ్రాలు గాలిలో గింజగింజగా ఆగాలంటే షట్టర్ 1/500కు తక్కువ వద్దు, లేదా చుట్టూ వెలుగు తగ్గించి ఫ్లాష్‌తోనే ఆపాలి. వధూవరుల వెనక స్తంభం పక్కన ఒక ఫ్లాష్ దాచి మీ వైపు తిప్పి ఉంచితే బియ్యం, ముత్యాలు మెరుస్తాయి. మొదటి రెండు దోసిళ్లలో సిగ్గు ఉంటుంది. మూడోసారి నుంచి పోటీ మొదలవుతుంది, అసలు నవ్వులు అప్పుడే. మొదటి దోసిలికే బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నింపేసుకుంటే, పోటీ వచ్చేసరికి కెమెరా ఎర్ర లైటు వెలిగించుకుని కూర్చుంటుంది.

అప్పగింతల్లో పెద్ద వీడియో లైటు ఆపించండి. ఏడుస్తున్న తల్లి ముఖం మీద వెయ్యి వాట్ల లైటు వేయడం ఫొటోగ్రఫీ కాదు. శబ్దం వద్దని ఎలక్ట్రానిక్ షట్టర్‌కు మారిస్తే ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో అంతా అడ్డచారలు పడతాయి. అక్కడ మెకానికల్ షట్టరే వాడండి.

ఆ చారలు ఎందుకొస్తాయి

మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలు, ట్యూబులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. వీడియోను 30 ఫ్రేములు, షట్టర్ 1/60లో తీస్తే వెనక చారలు పాకుతూ ఉంటాయి. 25 ఫ్రేములకు 1/50, 50 ఫ్రేములకు 1/100 పెడితే పోతాయి. కెమెరా మెనూలో వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్ కరెంటుకు సరిపడేది) అని ఉంటే పాల్‌కు (PAL, 50 హెర్ట్జ్‌కు సరిపడేది) మార్చండి. కొత్త బాడీ పెట్టెలోంచి తీయగానే చేయాల్సిన పని ఇదే. మండపం వెనక ఎల్ఈడీ తెర పెడితే దాని మినుకు వేరుగా ఉంటుంది, షట్టర్‌ను కొంచెం కొంచెం మార్చి చూసుకోవాలి. ఫొటోలకు కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే వేసి ఉంచండి.

రంగు గోల ఇంకొకటి. పందిరి గుడ్డ ఎర్రదైతే ముఖాలు ఎర్రగా, పసుపుదైతే కామెర్లు వచ్చినట్టు ఉంటాయి. అలాంటి పందిరి కింద ఫ్లాష్‌ను పైకి కొట్టి బౌన్స్ చేయొద్దు, ఆ రంగే తిరిగొస్తుంది. పక్కన తెల్ల గొడుగులోంచి కొట్టండి. నలుగు, మంగళస్నానాల్లో ఒళ్లంతా పసుపు ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని తీసేయాలని చూసి చర్మాన్ని నీలంగా చేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌కు ఒక కెల్విన్ నంబరు పెట్టి లాక్ చేయండి. మధుపర్కాలు తెల్లనివి, మల్లెపూలు తెల్లనివి. ఎక్స్‌పోజర్ వాటికి చూసి పెట్టి, ముఖాలను తర్వాత రా ఫైల్లో ఎత్తుకోవచ్చు. కాలిపోయిన తెలుపు ఏం చేసినా తిరిగి రాదు.

జనరేటర్‌కు మారేటప్పుడు పది పదిహేను సెకన్లు చీకటి పడుతుంది. వీడియో కెమెరా మీద బ్యాటరీ లైటు ఒకటి ఎప్పుడూ తగిలించి ఉండాలి. పంతులుగారి కండువాకు చిన్న మైకు పెడుతుంటే రికార్డింగ్ మట్టం తగ్గించి పెట్టండి. మంత్రాలకు సరిపడా పెంచి వదిలేస్తే సన్నాయి, డోలు ఎత్తుకోగానే శబ్దం పగిలిపోతుంది. సరిగ్గా తాళి ఘట్టంలోనే.

రిసెప్షన్, చర్చి, నిఖా

రిసెప్షన్ కళ కంటే ఓర్పు పని. 500 జట్లు, జట్టుకు 20 సెకన్లు అంటే దాదాపు రెండు గంటల ముప్పావు. ట్రైపాడ్, రెండు వైపులా గొడుగు లైట్లు, ఎఫ్5.6 నుంచి 8 మధ్య. ఎఫ్2.8తో తీస్తే ముందు వరుస పదును, వెనక నిలబడ్డ బావమరుదులు మసక. పెళ్లివారి పిల్లల్లో చురుకైనవాణ్ణి ఒకణ్ణి పక్కన పెట్టుకోండి, తప్పనిసరిగా తీయాల్సిన పాతిక మంది పేర్ల జాబితాతో. ‘అన్నా, మా పెదనాయన ఫొటో యాడా లేదే’ అన్న ఫోన్ కాల్‌కు ఇదొక్కటే మందు.

ఒంగోలు, నెల్లూరుల్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కాలం నుంచీ పెద్ద క్రైస్తవ కుటుంబాలున్నాయి, చర్చి పెళ్లిళ్లు బాగా వస్తాయి. ప్రార్థన జరిగేటప్పుడు ఫ్లాష్ వేయొచ్చా, బలిపీఠం దాకా ఎక్కొచ్చా అన్నది పాస్టరుగారిని ఆరాధనకు ముందే అడగాలి. ఉంగరాలతో పాటు తాళి కూడా ఉంటుందేమో కనుక్కోండి, చాలాచోట్ల ఉంటుంది. ముస్లిం పెళ్లిలో ఆడవాళ్ల వైపు తీయడానికి మహిళా ఫొటోగ్రాఫర్ కావాలా అని మొదటి ఫోన్‌లోనే అడగండి. ఈ రెండు జిల్లాల్లో ఆ పని బాగా చేసే ఆడపిల్లలకు డిమాండ్ ఉంది. వాళ్లను తీసుకెళ్తే రాత్రి పడుకోవడానికి గడియ ఉన్న గది చూపించమని పార్టీని అడగడం మీ బాధ్యత.

గుడిలో పెళ్లి, అది జొన్నవాడ కానీ పెంచలకోన కానీ, గర్భాలయం వైపు కెమెరా తిప్పొద్దు. లైట్ల స్టాండ్లకు ఆలయ కార్యాలయంలో ముందే అడగాలి.

డ్రోన్

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు, థర్డ్ పార్టీ బీమా కూడా కావాలి. పెళ్లి షూటింగ్ డబ్బు తీసుకునేదే. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) ఆ చోటు చూడాలి. శ్రీహరికోట ఉన్న దిక్కున ‘ఊరవతలే కదా’ అనుకుంటే కుదరదు. ఇవన్నీ ఉన్నా ఊరేగింపులో టపాసులు పేలుస్తుంటే, బంతుల్లో జనం అన్నాలు తింటుంటే వాళ్ల నెత్తిమీద ఎగరేయొద్దు.

ఆ రాత్రి

4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్లు అంటే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 540 జీబీ. ఫొటోలు నాలుగు వేలు, ఒక్కో రా ఫైలు 30 ఎంబీ అనుకుంటే ఇంకో 120. ఇంత డేటా ఎక్కించడానికి గంటలు పడుతుంది, అందుకని ఇంటికెళ్లాక కాకుండా భోజనాల టైములోనే ల్యాప్‌టాప్ పెట్టి మొదలుపెట్టండి. రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి స్టూడియోలో, ఇంకొకటి ఇంట్లో పెట్టాలి. వాడిన కార్డును పర్సులో బోర్లా పెట్టే అలవాటు చేసుకోండి, తెల్లవారుజామున నిద్రమత్తులో నిండిన కార్డు ఫార్మాట్ చేయడం కొత్తేమీ కాదు. ఫొటోలు రెండు చోట్లా తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

రాత్రి రెండున్నరకు ముహూర్తం, తెల్లారి ఏడింటికి అప్పగింతలు, ఆ వెంటనే జాతీయ రహదారి మీద స్టీరింగ్. ఈ పని చేయకండి. డ్రైవర్ ఖర్చు కొటేషన్‌లో రాయండి, లేదా మండపంలోనే మూడు గంటలు పడుకుని బయలుదేరండి. తిండి సంగతి కూడా ఒప్పందంలో తేల్చుకోండి. ఆఖరి బంతికి వంటలు అయిపోయి, మనుషులు ఆకలితో లైట్లు మోయడం సర్వసాధారణం. ముహూర్తం తర్వాత ఇద్దరిద్దరుగా మార్చి పంపండి.

సెలెక్షన్, ఆల్బమ్, ఆగిపోయే డబ్బు

పెళ్లయిన మూడు రోజుల్లో యాభై ఫొటోలు పంపేయండి. ఉత్సాహం ఆ వారమే ఉంటుంది. రెండో వారానికి పెళ్లికూతురు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతుంది, ‘పాప వచ్చినప్పుడు చూసి చెబుతాంలే’ అని ఇంట్లోవాళ్లు అంటారు. పాప శ్రావణానికి వస్తుంది, అందరూ కలిసి కూర్చోరు. అలా ఆల్బమ్ ఆగుతుంది, దానితో మీ మిగిలిన డబ్బు ఆగుతుంది. మరుసటి ఏడాది ల్యాబ్ రేటు పెరుగుతుంది, మీరు మాత్రం పాత రేటుకే ఇవ్వాలి.

దీనికి విరుగుడు ఒప్పందంలోనే ఉంది. సెలెక్షన్ గడువు 30 రోజులు అని, దాటితే మేమే ఏరి డిజైన్ చేస్తామని, 90 రోజులు దాటితే ఆ నాటి ల్యాబ్ రేటు వర్తిస్తుందని రాయండి. ఇది రాసి, చదివి వినిపించాలి. నాలుగు వేల ఫొటోలు వాళ్ల మీద పడేయొద్దు. మసకలు, కళ్లు మూసినవి, ఒకేలా ఉన్నవి తీసేసి 800కు దించి ఇస్తేనే వాళ్లు ఏరగలరు. 40 షీట్లు, షీటుకు సగటున ఆరు ఫొటోలు అంటే కావాల్సింది 240. ప్రతి ఫొటోకూ నాలుగంకెల నంబరు పెట్టి, వాట్సాప్‌లో నంబర్లే పంపమనండి. స్క్రీన్‌షాట్లు తీసుకుంటే అసలు ఫైలు వెతకడానికే రెండు రోజులు పోతాయి. సెలెక్షన్ బాధ్యత రెండు ఇళ్లల్లో ఎవరిదో ఒక్క పేరు రాయించుకోండి. లేకపోతే అత్తగారి జాబితా, అమ్మగారి జాబితా, వధువు జాబితా కలిసి 600 అవుతాయి.

కలర్ సరిచేసేటప్పుడు ‘కాస్త తెల్లగా చెయ్యన్నా’ అనే మాట తప్పకుండా వస్తుంది. వెలుగు పెంచండి, రంగు మార్చకండి. చర్మం సున్నం కొట్టినట్టయితే పక్కనున్న బంగారం, పట్టుచీర జరీ కూడా పాలిపోతాయి. అడిగినవాళ్లే ప్రింట్ చూసి ‘అమ్మాయి అమ్మాయిలా లేదు’ అంటారు.

12×36 అంగుళాల ఆల్బమ్‌కు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఫైలు 10,800 × 3,600 పిక్సెళ్లు ఉండాలి. ఫైళ్లు ఎస్ఆర్‌జీబీ (sRGB) రంగు ప్రొఫైల్లోనే పంపండి, వేరే ప్రొఫైల్లో పంపితే ఎరుపులు చచ్చిపోతాయి. మానిటర్ వెలుగు పూర్తిగా పెంచుకుని పనిచేసేవాళ్ల ప్రింట్లు ఎప్పుడూ నల్లగానే వస్తాయి. వెలుగు సగానికి దించి, మొదటిసారి ఒక్క షీటు ప్రింటు వేయించి పక్కన పెట్టి పోల్చండి. మడత పడే నడిమధ్యన ముఖం పెట్టకండి, అంచులకు అంగుళం లోపల ముఖ్యమైనదేదీ ఉండకూడదు, కటింగ్‌లో పోతుంది.

ల్యాబ్‌కు పంపే ముందు డిజైన్ పీడీఎఫ్ పార్టీకి పంపి, మూడు సంగతులు ప్రత్యేకంగా చూడమనండి: పేర్ల అక్షరాలు, పెళ్లి తేదీ, పెద్దవాళ్ల ఫొటోలు అందరివీ ఉన్నాయా. ‘సరే’ అని రాతలో వచ్చాకే ప్రింటు. రెండుసార్ల దిద్దుబాట్లు ఉచితం, మూడోదానికి షీటుకు ఇంత అని ముందే చెప్పి ఉంచాలి. ఆల్బమ్ వచ్చాక పెట్టె మూయకముందే ప్రతి షీటూ తిప్పి చూడండి. మన ఉక్కపోతకు లామినేషన్ అంచులు లేవడం, షీట్లు ఒకదానికొకటి అతుక్కోవడం కనిపిస్తే అప్పుడే వెనక్కి పంపాలి. పార్టీ చేతికిచ్చాక అది మీ తప్పే అవుతుంది. మిగిలిన 15 శాతం, రసీదు, ‘ఫైళ్లు ఒక ఏడాది వరకే దాచి ఉంచుతాం’ అన్న చీటీ, మూడూ ఆల్బమ్ ఇచ్చేటప్పుడే పూర్తి చేసుకోండి. ఆ ఏడాది గడిచాక కూడా డిస్కు చెరిపే ముందు వాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. అప్పటికి తాతగారు పోయి ఉంటే, ఆయన ఫొటో పెద్దది చేయించుకోవడానికి వాళ్లు మీ దగ్గరికే వస్తారు.